చిన్న ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపకు ఏ చేపతో పొత్తు కుదురుతుంది

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవారు ట్యాంకు, పంపు, లైటు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. చేపలను మాత్రం దుకాణంలో నిలబడి, కంటికి నచ్చినవాటిని అప్పటికప్పుడు ఎంచుకుంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి ఊళ్లలో ఉండేవారికి ఈ అలవాటు మరింత నష్టం చేస్తుంది. సముద్రపు చేపలు మనకు హైదరాబాద్ నుండో, చెన్నైలోని కొళత్తూరు దుకాణాల నుండో రావాలి. తెచ్చిన రెండు రోజులకే ఒక చేప మరొకదానిని తరిమి తరిమి కొరుకుతోందని తెలిసినా, దానిని సంచిలో పెట్టుకుని మళ్లీ వంద కిలోమీటర్లు వెళ్లి వాపసు ఇచ్చి రావడం జరిగే పని కాదు. వెళ్లినా చాలామంది తీసుకోరు. అందువల్ల మొదటి చేపను కొనకముందే చివరి చేప పేరు కూడా కాగితం మీద రాసి ఉండాలి. ఈ వ్యాసంలోని మిగిలిన సూచనలన్నీ ఆ కాగితాన్ని సరిగా రాసుకోవడానికే.

ఇక్కడ 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు గల మూడడుగుల ట్యాంకును లెక్కలోకి తీసుకుంటున్నాను. దానిలో సుమారు 190 లీటర్లు పడతాయి, ఇసుక, రాళ్లు పోగా 150 నుండి 160 లీటర్ల నీరు మిగులుతుంది. అంత నీటిలో ఆరేడు చిన్న చేపలు హాయిగా బతుకుతాయి. రెండడుగుల ట్యాంకు ఉన్నవారు రెండు మూడింటితో ఆగిపోవడం మేలు.

చేపలు ఎందుకు కొట్టుకుంటాయి

పగడపు దిబ్బ మీద బతికే చిన్న చేపకు ఒక బొరియో, ఒక రాతి సందో, ఒక పగడపు కొమ్మో సొంత స్థలంగా ఉంటుంది. ఆ స్థలంలోకి మరొక చేప వస్తే అది తరుముతుంది, వచ్చినది పారిపోతుంది, గొడవ అంతటితో ముగుస్తుంది. అద్దాల తొట్టిలో పారిపోవడానికి చోటు లేదు. ఓడిపోయిన చేప గెలిచిన చేప కళ్లెదుటే ఉంటుంది కాబట్టి తరమడం ఆగదు, రోజంతా సాగుతుంది. సముద్రంలో నిరపాయమైన స్వభావమే ట్యాంకులో ప్రాణాంతకం కావడానికి కారణం ఇది. "శాంతమైన చేప", "కోపిష్ఠి చేప" అని దుకాణాలలో చెప్పే మాటలు కొంతవరకే నిజం. ఎంత స్థలంలో, ఎవరి తరువాత, ఏ చేప పక్కన పెడుతున్నామన్నదే అసలు సంగతి.

పోటీ ముఖ్యంగా తనను పోలినదానితోనే ఉంటుంది. శరీరం ఆకారం ఒకటే అయినా, రంగు ఒకటే అయినా, తినే తిండి ఒకటే అయినా, పడుకునే చోటు ఒకటే అయినా ఆ రెండు చేపలు ఒకదానినొకటి హక్కుదారులుగా చూసుకుంటాయి. కాబట్టి జాబితా రాసేటప్పుడు ప్రతి చేప పేరు పక్కన అది ట్యాంకులో ఏ అంతస్తులో తిరుగుతుందో రాయాలి: ఇసుక మీద, రాతి సందుల్లో, నడిమి నీటిలో, లేదా పై భాగంలో. ఒకే అంతస్తుకు, ఒకే ఆకారానికి రెండు పేర్లు వచ్చాయంటే వాటిలో ఒకటి కొట్టివేయవలసిందే.

ముందుగా కొట్టివేయవలసినవి

సముద్రపు గుర్రాలు, వాటి బంధువులైన పైప్ ఫిష్‌లు ఎంత అందంగా ఉన్నా వద్దు. 2001లోనే వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కిందికి తెచ్చారు. వాటిని పట్టడం, అమ్మడం నేరం. దిబ్బలను కట్టే గట్టి పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు) కూడా అదే చట్టం రక్షణ కింద ఉన్నాయి. కనుక "లైవ్ రాక్" అని సముద్రం నుండి తెచ్చిన పగడపు రాయిని అంటగట్టబోతే తీసుకోకుండా, కృత్రిమంగా తయారుచేసిన ఎండు రాయిని అడగాలి. కొన్ని వారాలలో దానిలోనూ మేలు చేసే బాక్టీరియా స్థిరపడుతుంది.

లయన్ ఫిష్ తన నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. నీలి టాంగ్ దుకాణంలో రూపాయి బిళ్లంత కనిపించినా పెరిగితే 30 సెంటీమీటర్ల వరకు వస్తుంది, మూడడుగులలో దానికి ఈదే చోటే ఉండదు. మాండరిన్ చేప ఎవరినీ ఏమీ అనదు, కాని అది రోజంతా రాళ్ల మీది కోపీపాడ్‌లనే సూక్ష్మ జీవులను ఏరుకుని తింటుంది. కొత్త ట్యాంకులో అవి చాలినన్ని ఉండవు కాబట్టి అది మన కళ్లెదుటే ఎండిపోతూ చనిపోతుంది. ఇంత అందమైన చేపను ఆకలితో చంపడం కంటే కొనకుండా ఉండడమే దాని మీద ప్రేమ.

డామ్సెల్‌ల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న డొమినో, తెలుపు నలుపు పట్టీల డామ్సెల్ చవకగా దొరుకుతాయి, దేనికైనా తట్టుకుంటాయి. అందుకే కొత్త ట్యాంకులో "నీరు కుదురుకోవడానికి" వీటిని వేయమని సలహా ఇస్తారు. ఆ సలహా పాటిస్తే నెల తిరిగేసరికి ట్యాంకు మొత్తం వాటి సొంతమవుతుంది, తరువాత ఏ చేపను దింపినా బతకనివ్వవు, రాళ్లన్నీ తీస్తే తప్ప వాటిని పట్టుకోలేము. నీరు కుదురుకోవడానికి చేప అవసరమే లేదు. రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిస్తే అమ్మోనియా పుడుతుంది, బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేప. డామ్సెల్ కావాలని మనసు పడితే పసుపు తోక గల చిన్న నీలి డామ్సెల్‌ను ఒక్కదానినే, అన్నిటికంటే చివరగా దింపండి. ఆ జాతిలో కాస్త నెమ్మదైనది అదే.

జాబితాలో ఉండదగినవి

మొదటి స్థానం ఒసెల్లారిస్ క్లౌన్‌ది. దుకాణంలో నెమో అని అడిగితే ఇచ్చేది దీనినే. ఇది సాధారణంగా 8, 9 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే క్లౌన్ చేపల పిల్లలను పెంచే పద్ధతులను రూపొందించింది. అందువల్ల హాచరీలో, అంటే చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో, పుట్టిన పిల్లలనే అడిగి తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా, ఎందుకంటే అవి పొడి మేతకు అలవాటు పడి ఉంటాయి, సముద్రం నుండి పట్టినవాటి కంటే రోగాలు తక్కువ. ఈ చేపల కుటుంబ ధర్మం తెలుసుకుంటే పొత్తు సగం అర్థమవుతుంది. ఇవి మొదట మగవిగా పెరుగుతాయి. గుంపులో పెద్దది, బలమైనది ఆడదిగా మారుతుంది, ఒకసారి మారితే తిరిగి మగది కాదు. అందుకే ఒకటి కాస్త పెద్దది, మరొకటి చిన్నది చూసి రెండు పిల్లలను ఒకేసారి కొనాలి. మొదట్లో పెద్దది చిన్నదాన్ని తరుముతుంది. చిన్నది దాని ముందు ఒరిగి, ఒళ్లు వణికించి లొంగుబాటు చూపుతుంది. అది గొడవ కాదు, జత కుదరడం. మూడో క్లౌన్‌ను మాత్రం ఎప్పుడూ చేర్చవద్దు, జత కుదిరాక మూడోదానికి చోటు లేదు. సెబే, క్లార్కీ, టొమాటో, మెరూన్ వంటి ఇతర క్లౌన్ జాతులను వీటితో కలపకూడదు. అవి ఒసెల్లారిస్ కంటే పెద్దవి, మొండివి. సముద్రంలో క్లౌన్‌లు ఆశ్రయం పొందే, పువ్వులాంటి జీవి అయిన అనిమోన్ లేకపోయినా అవి నిశ్చింతగా బతుకుతాయి. ముఖ్యంగా కార్పెట్ అనిమోన్‌ను తేవద్దు, అది క్లౌన్‌ను వదిలి మిగతా చిన్న చేపలను పట్టి తినగలదు.

రాతి సందులకు రాయల్ గ్రామా ఒక్కటి చాలు. ఇది కరీబియన్ సముద్రపు చేప కాబట్టి ధర ఎక్కువగానే ఉంటుంది. తన గూటి నోటి దగ్గరకు ఎవరైనా వస్తే నోరు బార్లా తెరిచి బెదిరిస్తుంది, అంతకు మించి పోదు. చిక్కంతా దీనిని పోలిన రాయల్ డాటీబ్యాక్‌తో. రెండూ ముందు సగం వంగపండు రంగు, వెనుక సగం పసుపు. దుకాణం అద్దం దగ్గర నిలబడి రెండు రంగులు కలిసే చోటును చూడండి. గ్రామాకు ఊదా రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతూ పసుపులో కలిసిపోతుంది, వీపు రెక్క ముందు భాగంలో నల్లటి మచ్చ ఉంటుంది, కంటి మీదుగా ఒక నల్లని గీత పోతుంది. డాటీబ్యాక్‌కు రెండు రంగుల మధ్య కత్తితో కోసినట్టు సరిహద్దు ఉంటుంది, ఆ మచ్చ ఉండదు. పొరపాటున డాటీబ్యాక్‌ను తెస్తే అది తన కంటే పెద్ద చేపల రెక్కలను కూడా చింపుతుంది. రెండింటినీ ఒకే ట్యాంకులో పెడితే వాటిలో ఒకటి మిగలడం కష్టం.

ఇసుక అంతస్తుకు నా ఎంపిక పసుపు వాచ్‌మన్ గోబీ, దానికి తోడుగా ఒక పిస్టల్ రొయ్య. ఈ రొయ్యకు చూపు చాలా తక్కువ. ఇది రాయి కింద సొరంగం తవ్వి, ఇసుకను బుల్డోజర్ నెట్టినట్టు బయటకు నెడుతూ ఉంటుంది. బయటకు వచ్చిన ప్రతిసారీ ఒక మీసాన్ని గోబీ తోక మీద ఆనించి ఉంచుతుంది. గోబీ సొరంగం నోటి దగ్గర కాపలా కూర్చుని, అపాయం కనిపిస్తే తోకను టపటపా ఆడిస్తుంది, ఆ కదలిక మీసానికి తెలిసిన క్షణంలో రొయ్య లోపలికి జారుకుంటుంది. వేరు వేరు జాతుల మధ్య పొత్తు అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఇంట్లో చూడలేము. ఒక జాగ్రత్త తప్పదు: రాళ్లను ఇసుక మీద పేర్చకూడదు. ముందు ట్యాంకు అడుగు అద్దం మీద రాళ్లను స్థిరంగా అమర్చి, ఆ తరువాత ఇసుక పోయాలి. లేకపోతే రొయ్య తవ్వకానికి రాయి కూలి గోబీని నలిపేస్తుంది, అద్దం కూడా పగలవచ్చు. రెండు వాచ్‌మన్ గోబీలు జత అని నమ్మకంగా తెలిస్తే తప్ప ఒక్కటే ఉండాలి.

నడిమి నీటికి ఫైర్ ఫిష్ తగినది. వీపు మీద నిటారుగా లేచిన పొడవాటి ముల్లును ఆడిస్తూ ప్రవాహానికి ఎదురుగా నిలబడుతుంది. మహా పిరికిది, బెదిరితే గూట్లోకి దూరుతుంది, గూడు దొరకకపోతే ట్యాంకు బయటకు దూకుతుంది. ట్యాంకు పైన సన్నని వల మూత లేనివారు దీనిని కొనకూడదు. పరిచయం లేని రెండు ఫైర్ ఫిష్‌లు కొట్టుకుంటాయి కాబట్టి ఒక్కటే తెచ్చుకోవాలి.

పాచి గీకడానికి టెయిల్ స్పాట్ బ్లెన్నీ ఒకటి సరిపోతుంది. రెండు బ్లెన్నీలు వద్దు. పైజమా కార్డినల్ నెమ్మదైనది, ఒకటి ఉండవచ్చు. బంగ్గాయ్ కార్డినల్ ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల చుట్టూ మాత్రమే సహజంగా పుట్టే చేప, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దానిని అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. హాచరీలో పుట్టినదని తెలిస్తేనే తీసుకోవాలి, అది కూడా ఒక్కటి, లేదా కుదిరిన జత. నాలుగైదు కలిపి వేస్తే వాటిలో ఒక జత ఏర్పడి మిగిలినవాటిని మూలకు తరిమేస్తుంది.

గ్రీన్ క్రోమిస్‌ను గుంపుగా కొనే అలవాటు చాలామందికి ఉంది. సముద్రంలో వందల కొద్దీ కలిసి తిరిగే చేప కదా అని ఆరింటిని వేస్తారు. చిన్న ట్యాంకులో వాటి మధ్య బలాబలాల వరుస ఏర్పడి, అట్టడుగున ఉన్నదానిని మిగిలినవి పొడుస్తాయి. అది పోయాక తరువాతిది అడుగుకు వస్తుంది. ఇలా తగ్గుతూ తగ్గుతూ చివరకు ఒకటో రెండో మిగులుతాయి. మూడడుగులలో వీటి గుంపు ఆలోచన మానుకోవడమే మంచిది. సిక్స్‌లైన్ వ్రాస్ కూడా అంతే: చురుకైనది, అందమైనది, కాని తన తరువాత వచ్చిన ప్రతి చిన్న చేపనూ వేధిస్తుంది.

నీటి గురించి, మన ప్రాంతానికి అవసరమైనంత

నీరు చెడితే చేపల స్వభావం చెడుతుంది, అందుకే ఈ నాలుగు మాటలు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. నిజానికి సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. బోరు నీటిని వద్దనడానికి అది ఒక్కటే కారణం కాదు. అందులోని నైట్రేట్, సిలికేట్, కొలత తెలియని ఇతర లవణాలు పాచిని పెంచుతాయి, సముద్రపు ఉప్పు పొడి లెక్కను తప్పిస్తాయి. మిషన్ భగీరథ నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్‌వో యంత్రం చివర్లో ఖనిజాలు మళ్లీ కలుపుతుంది కాబట్టి అదీ నేరుగా పనికిరాదు. ఆర్‌వో తరువాత, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ గొట్టం పెట్టి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నాకు దగ్గరగా చూపే నీటిలోనే ఉప్పు కలపాలి. ఉప్పు కలిపిన నీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు ట్యాంకు నీరు 30 దాటిపోతుంది. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప శరీరానికి దాని అవసరం పెరుగుతుంది. గాలి పొడిగా ఉండే మన ఎండల్లో నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. మిద్దె కింద పడమటి గది అయితే నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం తప్పదు. ఆవిరైపోయేది నీరే తప్ప ఉప్పు కాదు, కాబట్టి రోజూ ఉప్పు కలపని ఆర్‌వో-డీఐ నీటితోనే పూడ్చాలి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

దింపే వరుస, దింపే విధానం

పిరికివి ముందు, మొండివి చివర. నా జాబితా ప్రకారం మొదట ఫైర్ ఫిష్, తరువాత గోబీ, రొయ్య, ఆపైన బ్లెన్నీ, కార్డినల్, పిమ్మట గ్రామా, చివరగా క్లౌన్ జత. క్లౌన్‌లు అందరికీ ఇష్టమైనవి కాబట్టి వాటినే ముందు కొంటారు. ఆగగలిగినవారు ఆగాలి, ఎందుకంటే స్థిరపడిన ఆడ క్లౌన్ ట్యాంకులో ఒక మూలను పూర్తిగా తనదిగా చేసుకుంటుంది. ఒక చేపకూ మరొక చేపకూ మధ్య కనీసం రెండు వారాల విరామం ఉంటే బాక్టీరియా పెరిగిన బరువుకు సర్దుకుంటుంది.

ప్రతి కొత్త చేపా ముందు విడి ట్యాంకులో కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఒకటిన్నర అడుగుల తొట్టి, స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. తెల్ల చుక్కల రోగాన్ని కలిగించే పరాన్నజీవి పెద్ద ట్యాంకులో చేరితే దానిని వదిలించుకోవడానికి చేపలన్నిటినీ తీసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచవలసి వస్తుంది. ఆ పరాన్నజీవికి వాడే రాగి మందు రొయ్యలను చంపుతుంది కాబట్టి దానిని విడి ట్యాంకులోనే వాడాలి.

రాత్రంతా ప్రయాణం చేసి చెన్నై నుండి వచ్చిన సంచిని తెరిచి గంటల తరబడి చుక్క చుక్కగా నీరు కలపడం ప్రమాదం. సంచిలో చేప వదిలిన అమ్మోనియా అప్పటిదాకా తక్కువ హాని చేసే రూపంలో ఉంటుంది. సంచి తెరవగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే ముందే దుకాణంవారిని అడిగి వారి నీటి సాంద్రతకు విడి ట్యాంకును సరిచేసి ఉంచాలి. సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు తేలనిచ్చి ఉష్ణోగ్రత సమం కాగానే, సంచి నీరు పోయకుండా చేపను దింపేయాలి. ఎండాకాలంలో చేపలను థర్మాకోల్ పెట్టెలో, తెల్లవారుజామున తెచ్చుకోవడం మంచిది.

పెద్ద ట్యాంకులోకి దింపే రోజున రాళ్లలో రెండు మూడింటి స్థానం మార్చండి. పాత చేపల హద్దులు చెరిగిపోయి అవి కూడా కొత్త గూడు వెతుక్కునే పనిలో పడతాయి. గోబీ సొరంగం ఉన్న రాయిని మాత్రం కదపకూడదు. కొత్త చేపను నేరుగా వదలకుండా రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో రెండు మూడు రోజులు ట్యాంకు లోపలే వేలాడదీయాలి. వంటింటి డబ్బాకు కాల్చిన మేకుతో రంధ్రాలు పెట్టి, అంచులు నునుపు చేసి, బాగా కడిగితే సరిపోతుంది. పాతవి డబ్బా చుట్టూ తిరిగి, గోడను పొడిచి, విసిగి ఊరుకున్నాక, లైట్లు ఆర్పిన తరువాత, కొంత మేత వేసి మూత తెరవాలి.

గొడవను గుర్తించడం, ఆపడం

మొదటి రెండు రోజులు కొంత తరమడం సహజం. రెక్కలు విప్పి పక్కపక్కన నిలబడి బెదిరించుకుని విడిపోతే భయం లేదు. ఒక చేప ట్యాంకు పై మూలలో, హీటరు వెనుక, తల పైకెత్తి నిలబడి ఉంటే, తోక రెక్క అంచు చీలికలుగా కనిపిస్తే, మేత వేసినా రాకపోతే, మేత తింటున్న సమయంలో కూడా మరొకటి తిండి వదిలి దానిని తరుముతుంటే, ఇక వేచి చూడకూడదు. ఒక్క చేపే వేగంగా ఊపిరి తీస్తుంటే వేధింపో రోగమో అనుకోవాలి. చేపలన్నీ అలాగే చేస్తుంటే వేధింపు కాదు, నీటిలోనే లోపం ఉంది. వెంటనే అమ్మోనియా, ఉష్ణోగ్రత చూసి, ఎయిర్ పంపు పెట్టాలి.

మేత వల్ల పుట్టే గొడవలు తేలికగా తీరుతాయి. మైసిస్, ఆర్టీమియా అనే చిన్న రొయ్యల్లాంటి మేతలను, సన్నని గుళికలను రోజుకు రెండుసార్లు కొద్ది కొద్దిగా, ట్యాంకు రెండు చివర్లలో ఒకేసారి వేయండి. దూకుడు చేప ఒక చివర ఉండగా పిరికిది మరొక చివర తినగలుగుతుంది.

అంతకు మించినదైతే దెబ్బలు తిన్న చేపను తీయడం చాలామంది చేసే పని, కాని దానివల్ల దాడి చేసినది తన రాజ్యాన్ని మరింత బలపరుచుకుంటుంది. తీయవలసింది దాడి చేసినదానినే. దానిని రంధ్రాల డబ్బాలోనో, విడి ట్యాంకులోనో వారం పాటు ఉంచితే, ఆలోపు బలహీనమైనది కోలుకుని గూడు చేసుకుంటుంది. వారం తరువాత రాళ్లు మార్చి, లైట్లు ఆర్పి, కొత్త చేపను దింపినట్టే దానిని దింపాలి. ఎక్కువసార్లు ఇది పనిచేస్తుంది. తిరిగి అదే చేపను అదే విధంగా తరిమితే మూడోసారి ప్రయత్నించకుండా దానికి విడి ట్యాంకునే ఇల్లుగా మార్చి, సరిపడా ఇసుక, రాయి, వారం వారం నీటి మార్పిడి ఏర్పాటు చేసి, రోగ పరీక్షకు మరొక తొట్టిని సిద్ధం చేసుకున్నాకే తరువాతి చేప గురించి ఆలోచించాలి.